ఆరని లైటు

కొత్తగా తెరిచిన బట్టల షాపు ముందు జనం మెడలెత్తి నిలబడ్డారు. స్విచ్చి వేయగానే మేడ మీదనుంచి మెట్ల దాకా రంగుల బల్బులు వెలిగాయి. "అబ్బ!" అన్నారందరూ. చప్పట్లు కొట్టారు, ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకున్నారు. అంతలో టప్పున మొత్తం ఆరిపోయింది. "ఏమయ్యా, నలుగురిలో పరువు తీస్తావా?" అని షాపు యజమాని కేకేశాడు.

షాపు ముందు వేసిన స్టేజీ చెక్కల కింద మోకాళ్ల మీదున్న మనిషి ఏమీ కంగారు పడలేదు. కరెంటు మోతాదు మించితే దానంతటదే కిందికి పడిపోయే స్విచ్చి ఒకటి ఉంటుంది. మీ ఇంట్లోనూ మీటరు పక్కన ఉండే ఉంటుంది, చూసుకోండి. అది పడిపోయింది. అతను చొక్కా జేబులోంచి జానెడు రాగి తీగ తీసి, స్విచ్చి ఈ చివరికీ ఆ చివరికీ కలిపి బిగించేశాడు. ఇక ఆ స్విచ్చి పైకి ఉన్నా కిందికి ఉన్నా ఒకటే, కరెంటు తన దారిన తాను పోతూనే ఉంటుంది. లైట్లు మళ్లీ వెలిగాయి. మళ్లీ చప్పట్లు మోగాయి.

అతన్ని అందరూ లైట్ల మావయ్య అంటారు. ఫంక్షన్లకూ ఓపెనింగులకూ లైటింగ్ పెట్టడం అతని వృత్తి. "నా చేతి మీద ఆరిన లైటు లేదు" అనేది అతని మాట, దాన్ని కార్డు మీద కూడా అచ్చు వేయించుకున్నాడు. వైర్లు ఎంత పాతవైనా టేపు చుట్టి నడిపించేవాడు. "ఒక్క పూట వెలిగితే చాలు కదా, తెల్లారితే విప్పేసేదే" అనేవాడు. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు, ఆ ఏమీ కాకపోవడమే అతని ధైర్యం. చప్పట్లు కొట్టిన వాళ్లలో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. చెక్కల కిందికి వంగి చూసిన వాళ్లం మాత్రం ఎవరమూ లేం.

అతనికి ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ మొదటి ఏడాది. కంప్యూటరు ఆటలంటే ప్రాణం, ఆడటమే కాదు, అవెలా తయారు చేస్తారో నేర్చుకోవాలని పట్టుదల. తోటి పిల్లలందరూ కాలేజీ అవగానే ఎవరింట్లో వాళ్లు కూర్చుని కలిసి ఆడుతుంటే, ఈ పిల్ల స్నేహితురాలి భుజం వెనక నిలబడి చూసేది. ఒకరోజు ధైర్యం చేసి అడిగేసింది. "నాన్నా, ఆటలకి పనికొచ్చే కంప్యూటరు కావాలి. ఖరీదైంది వద్దులే, నడిస్తే చాలు." దాచకుండా అడిగినందుకు మావయ్యకి ముచ్చటేసింది. మర్నాడే స్కూటరు తీశాడు.

కంప్యూటర్ల షాపు నడిపేది ఒక నడివయసు ఆవిడ. బల్ల మీద విప్పేసిన మెషీన్ల మధ్య కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడేది. ఆవిడ వాళ్ల ముందు ఒక నల్ల డబ్బా పెట్టింది. "ఇది కంపెనీ వాళ్లే బిగించి పంపింది. ఇంటికి తీసుకెళ్లి తగిలించుకోవడమే. గ్యారంటీ కూడా ఉంది."

మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మెరుపు లేదు, రంగు లేదు. "ఇదేంటి చెల్లెమ్మా, బియ్యం డబ్బాలా ఉంది! సామాన్లు విడిగా ఇవ్వు, నేను బిగించుకుంటాను. విప్పడం, బిగించడం మనకి వెన్నతో పెట్టిన విద్య."

"బిగించుకోవడం మంచిదే అన్నయ్యా. తక్కువలో మంచిది వస్తుంది, పాపకి పనీ తెలుస్తుంది." ఆవిడ ఒక్కొక్క సామానూ బల్ల మీద పెట్టింది. బొమ్మల్ని గీసే కార్డు, మెమరీ, ఫ్యాన్లు. చివరికి బరువైన ఇనుప డబ్బా ఒకటి పెట్టింది. "గోడలోంచి వచ్చే కరెంటుని మెషీనుకి తగ్గట్టు మార్చి ఇచ్చేది ఇదే. దీని దగ్గర మాత్రం బేరాలు వద్దు."

ఆ పక్కనే అరలో ఒక అద్దాల క్యాబినెట్టు ఉంది. లోపల ఫ్యాన్లు రంగులు మారుస్తూ తిరుగుతున్నాయి. కూతురి కళ్లు దాని మీదే ఉన్నాయి. మావయ్య ఆ కళ్లను చూశాడు. రెండూ కొనే స్తోమత లేదు, ఏదో ఒకటి వదులుకోవాలి.

"ఈ ఇనుప డబ్బా వద్దులే. ఏదో ఆఫీసులో పారేసిన కంప్యూటరుది నా గోడౌన్లో ఒకటి పడి ఉంది. కరెంటు కరెంటే కదా, దానికి పాతా కొత్తా ఏంటి? దీని బదులు ఆ అద్దాలది ఇచ్చెయ్."

"అన్నయ్యా, రంగులు లేకపోతే ఆట ఆగిపోదు. ఆ పాత డబ్బా టైపు చేసుకునే మెషీనుకి చేసింది, ఇంత బరువు మొయ్యలేదు. ఎడ్లబండికి లారీ సరుకు ఎత్తుతానంటావేంటి?"

మావయ్య నవ్వేశాడు. "నా చేతి మీద ఆరిన లైటు లేదు చెల్లెమ్మా!"

ఆవిడ పిల్ల వైపు చూసింది. "నువ్వేమంటావమ్మా?" పిల్లకి తెలుసు. ఇలాంటివి చదివే వచ్చింది. కానీ అద్దంలో రంగులు తిరుగుతున్నాయి, పక్కన నాన్న ముఖం వెలిగిపోతోంది. నోరు మెదపలేదు. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అన్నారా పెద్దలు?

ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో మంచం మీద మావయ్య తల్లి. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగాక ఆవిడ లేచి నడిచింది లేదు, కానీ నోరు మాత్రం చక్కగా నడుస్తుంది. కంప్యూటరు పెట్టడానికి ఆ గదిలోనే, మంచం కాళ్ల వైపు చోటు దొరికింది. తండ్రీకూతుళ్లు ఒక ఆదివారమంతా కూర్చుని బిగించారు. అది చాలదన్నట్టు మావయ్య గోడౌన్ నుంచి రంగుల బల్బుల దండ తెచ్చి బల్ల చుట్టూ చుట్టాడు. టేపు చుట్టిన పాత వైరు బోర్డుకే అన్నీ తగిలించాడు.

"ఇంట్లోకే స్టేజీ తెచ్చావేంట్రా! నన్నూ పాట పాడమంటావా ఏంటి?" అంది ముసలమ్మ.

వీధి వీధంతా చూడటానికి వచ్చింది. పక్కింటి దర్జీ గడప మీదే నిలబడిపోయాడు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి అలిసిపోయి వచ్చిన మావయ్య భార్య కూడా కాసేపు ఆ రంగులు చూస్తూ కూర్చుంది. కూతురు ఆట మొదలుపెట్టింది. ఆ పిల్ల నవ్వు వింటుంటే మావయ్య కడుపు నిండిపోయింది.

నాలుగు రోజులు బాగానే నడిచింది. తర్వాత ఆట జోరందుకునే సరికి ఇంట్లో కరెంటు పోవడం మొదలైంది. మీటరు దగ్గర స్విచ్చి కిందికి పడిపోయేది. పైకెత్తితే వచ్చేది, కాసేపటికి మళ్లీ పడేది. ఆ స్విచ్చి నోరులేనిది పాపం, తనకు చేతనైనట్టు చెబుతూనే ఉంది.

"ఏంటి మావయ్యా, ఊరంతా వెలిగించి నీ ఇల్లు చీకటి చేసుకున్నావా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు!" అని దర్జీ కిటికీలోంచి వేళాకోళం చేశాడు. నలుగురు నవ్వారు. మావయ్యకి ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది.

"స్విచ్చి ఊరికే పడదు కదా నాన్నా. ఆ పాత డబ్బా మార్చేద్దాం. కావాలంటే అద్దాలది తిరిగి ఇచ్చేద్దాం" అంది కూతురు.

"నువ్వు ఆడుకో తల్లీ, నేను చూసుకుంటానుగా" అన్నాడు. పిల్ల కాలేజీకి వెళ్లాక మీటరు దగ్గర స్టూలు వేసుకుని ఎక్కాడు. చొక్కా జేబులో రాగి తీగ ఎప్పుడూ ఉండేదే. ఈ చివరికీ ఆ చివరికీ కలిపి బిగించి, పైన మూత పెట్టేశాడు. ఆ సంగతి భార్యకి చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. అందులో చెప్పాల్సిందేమైనా ఉందని అతనికి తోచనే లేదు. ఆ రోజునుంచి కరెంటు పోలేదు.

"ఒరేయ్, ఏదో కమురు వాసన వస్తోందిరా" అంది ముసలమ్మ మూడో పూట.

"నీ ముక్కు సంగతి తెలియదా అమ్మా, పక్కవీధిలో పోపు మాడినా మన ఇల్లే అంటావు."

"పోపు వాసన కాదురా. ప్లాస్టిక్ బొమ్మలు కాలినట్టుంది. ఆ మాయదారి పెట్టెలోంచే వస్తోంది."

మావయ్య వంగి పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. వేడిగా ఉంది. ఆటల మెషీను కదా, వేడెక్కదా మరి అనుకున్నాడు. ఫ్యాను తిప్పి దాని వైపు పెట్టి పనికి వెళ్లిపోయాడు. ముసలమ్మ పడుకుని ఆ పెట్టె వైపే చూస్తూ ఉంది. పెట్టె దిగాక ఆవిడ వేళాకోళాలు తగ్గిపోయాయి. "ఆ రంగులు కళ్లలో పడుతున్నాయి, మధ్యలో కట్టిన గుడ్డ కర్టెను కాస్త ఇవతలికి లాగవే" అని మనవరాలిని రోజూ అడిగేది.

ఆ సాయంత్రం మావయ్య ఒక ఫంక్షన్ హాల్లో ఉన్నాడు. స్టేజీ మీద కుర్చీలు సర్దుతున్నారు. లైట్లు వేయగానే స్విచ్చి పడిపోయింది. అలవాటు ప్రకారం చెయ్యి జేబులోకి పోయింది. తీగ వేళ్లకు తగిలిన క్షణంలోనే ఫోను మోగింది.

"మావయ్యా!" ఫోనులో దర్జీ కేక. "ఇంట్లో పొగ... నువ్వు తొందరగా వచ్చెయ్."

అతను వెళ్లేసరికి వీధి నిండా జనం. కిటికీలోంచి నల్లటి పొగ వస్తోంది. వీధి స్తంభం దగ్గర కరెంటు తీసేశారు, మంట అప్పుడే అణిగింది. అరుగు మీద తల్లిని పడుకోబెట్టారు. ఆవిడ ఛాతీ ఎగిసెగిసి పడుతోంది. పక్కన కూతురు కూలబడి ఉంది, రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. ఎదురుగా నిండు బకెట్టు, చుక్క నీరైనా ఒలకనిది.

"నాన్నా, నేను స్విచ్చి కిందికి దించేశాను" అంది ఆ పిల్ల. ఏడవడం లేదు, అదే మాట మళ్లీ మళ్లీ చెబుతోంది. "ఏదైనా అయితే ముందు మెయిన్ ఆపమని నువ్వే నేర్పావు కదా. పెట్టెలోంచి మంట రాగానే పరుగెత్తి దించేశాను. లైట్లు ఆరలేదు నాన్నా. మళ్లీ ఎత్తి దించాను. బల్ల చుట్టూ బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. కరెంటు ఉండగా నీళ్లు పోయకూడదన్నావు కదా, బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేనే సరిగ్గా దించలేదేమో. నానమ్మ పిలుస్తూనే ఉంది..." చివరికి అంచు అంటుకున్న పరుపుతో సహా ముసలమ్మని గుమ్మం దాకా ఈడ్చిందట. దర్జీ వచ్చి అందుకునేసరికి గదంతా పొగే.

మావయ్య గుమ్మంలోకి వెళ్లాడు. లోపల మీటరు మూత మసిబారి వేలాడుతోంది. దాని వెనక రాగి తీగ ఇంకా బిగించినట్టే ఉంది.

ఆసుపత్రిలో ముసలమ్మ ఊపిరితిత్తులు పొగను తట్టుకోలేకపోయాయి. తెల్లవారుతుండగా ఆవిడ పోయింది. పోయేముందు మనవరాలి కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని, "దీన్నేమీ అనకండర్రా" అంది. ఆ మాట మావయ్య గుండెను కోసేసింది. అనాల్సిన వాళ్లు ఎవరో ఆవిడకి తెలియదు, తెలిసినవాడు పక్కనే తల దించుకుని నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత కూతురు తిండి మానేసింది. కాలేజీ మానేసింది. "నేను ఆ కంప్యూటరు అడక్కపోతే బాగుండేది. స్విచ్చి ఇంకాస్త గట్టిగా లాగాల్సింది" అని గోడవైపు తిరిగి పడుకునేది. భార్య ఎంత బతిమాలినా వినలేదు. అతను తీగ సంగతి ఒక్క మాట చెబితే ఆ పిల్ల మీదనుంచి కొండంత బరువు దిగుతుంది. ఆ ఒక్క మాట చెబితే ఇన్నేళ్ల తన పేరు పోతుంది. కన్నబిడ్డ కళ్ల ముందే కుమిలిపోతుంటే ఆ పేరెందుకు?

పలకరింపుకి షాపావిడ వచ్చిన రోజు ఇంటినిండా మనుషులున్నారు. ఎవరో అన్నారు, "బిగించినదే కొనుక్కొని ఉంటే ఇంత జరిగేది కాదు. సొంత తెలివితేటలకి పోతే ఇంతే." ఇంకొకరు తలూపారు.

షాపావిడ ఒప్పుకోలేదు. "బిగించుకోవడంలో తప్పేముంది? నేను రోజూ బిగిస్తున్నాను. నలుగురూ చూసే అద్దానికి పెట్టిన డబ్బు, ఎవరూ చూడని డబ్బాకి పెట్టి ఉంటే చాలు." మావయ్య వైపు తిరిగి అంది, "అయినా నాకొకటి అర్థం కావడం లేదు అన్నయ్యా. ఆ డబ్బా చెడిపోతే స్విచ్చి పడిపోవాలి. కరెంటు పోయి ఊరుకోవాలి. మీ ఇంట్లో స్విచ్చి ఎందుకు పడలేదు?"

మావయ్య లేచాడు. మీటరు దగ్గర విప్పి దాచుకున్న మసిపట్టిన రాగి తీగను జేబులోంచి తీసి అందరి ముందూ బల్ల మీద పెట్టాడు.

"పడకుండా నేనే కట్టాను" అన్నాడు. "చిట్టితల్లీ, నువ్వు స్విచ్చి సరిగ్గానే దించావు. పదిసార్లు దించినా ఆరేది కాదు. మా అమ్మని చంపింది నువ్వు కాదమ్మా, నేను."

గోడవైపు తిరిగి పడుకున్న కూతురు మెల్లగా ఇటు తిరిగింది. తండ్రిని చూసింది, తీగను చూసింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అతను దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డుపెట్టింది. అతను అక్కడే ఆగిపోయాడు. భార్య వెళ్లి పిల్లను పొదువుకుంది. అయితే ఆ పూట పిల్ల రెండు ముద్దలు తింది. తండ్రితో మాత్రం చాలా కాలం మాట్లాడలేదు.

బతకాలి కదా, మావయ్య మళ్లీ పనికి వెళ్లాడు. కార్డులన్నీ చింపేశాడు. మొదటి ఫంక్షన్లోనే, సరిగ్గా జనం చప్పట్లకు చేతులెత్తిన వేళ, స్విచ్చి పడిపోయింది. హాలంతా చీకటి. "ఏం మావయ్యా, నీ చేతి మీద ఆరిన లైటు లేదన్నావుగా? ఏదో ఒకటి చేసి వెలిగించు!" అని అరిచారు. అతని చెయ్యి జేబు దాకా వెళ్లింది. జేబు ఖాళీగా ఉంది.

అతను స్టేజీ కిందనుంచి బయటికొచ్చి, ఆ చీకట్లోనే జనం ముందు నిలబడ్డాడు. "లోపల ఎక్కడో తప్పుంది, అది వెతికి సరిచేసేదాకా వెలిగించను. మీకు ఆలస్యమైతే నన్ను తిట్టండి, పడతాను" అన్నాడు. "అయ్యా, అమ్మా, ఒక్క మాట వినండి. ఆరాల్సినప్పుడు ఆరిపోయే లైటే మంచి లైటు. ఆరనివ్వండి."