పలక మీద బొట్టు

2012 దసరాకు సూర్యాపేటలోని మా ఆసుపత్రికి డిజిటల్ మామోగ్రఫీ యంత్రం వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌ను చేతికి గడ్డ తగలకముందే చూపించే ఎక్స్‌రే అది. దాన్ని పరీక్షించి, వాడొచ్చని సంతకం పెట్టాల్సిన ఫిజిసిస్టును నేను. ఫిలిం యంత్రాల మీద ఏళ్ల తరబడి పనిచేశాను గానీ డిజిటల్‌కు వేరే శిక్షణ కావాలి. అది లేనిదే సంతకం పెట్టనన్నాను.

"మిషన్ మిషనే గదా నవనీతా! మళ్ల సదువుడేంది?" అన్నారు మా డాక్టర్ జితేందర్.

"నేనొచ్చేదాక ఎవరికీ తియ్యొద్దు సార్," అని చెప్పి హైదరాబాద్ వెళ్లాను.

ఆయన ఆగుతారా! నేను తిరిగొచ్చేసరికి కోదాడ నుంచి వచ్చిన కాటమ్మ అనే ఆమెకు తీసేశారు. క్యాన్సర్‌కు గుర్తు కాగల తెల్లటి నలుసులు కనిపించాయట. ముక్క తీసి పరీక్ష చేయించుకొమ్మని హైదరాబాద్‌కు రాసిచ్చారట. ఆమె ఆ పొద్దునే బస్సెక్కుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

బ్యాగు పక్కన పడేసి, శిక్షణలో నేర్పినట్టే మనిషి లేకుండా బొమ్మ తీశాను. రొమ్ము ఆనించే పలక మీద ప్లాస్టిక్ దిమ్మె పెట్టి తీస్తే అవే నలుసులు. దిమ్మెను తిప్పి మళ్లీ తీశాను. నలుసులు ఉన్నచోటే ఉన్నాయి. అంటే అవి కాటమ్మలో లేవు, యంత్రం మీదే ఉన్నాయి.

"దీనికి పూజ చేసిన్రా సార్?"

"కొత్త మిషన్‌కు చెయ్యమా? నేనే బొట్టు వెట్టిన. తుడిసినం గద!"

పలక అంచు సందులో కుంకుమ ఇంకా ఇరుక్కునే ఉంది. అందులోని సున్నం ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది. వెంటనే కాటమ్మకు ఫోన్ చేసి, ఎక్కడున్నారని అడిగాను.

"మునగాల దాటామమ్మా," అంది. బస్సు ఇంకా మా ఊరికి రాలేదన్నమాట.

"సూర్యాపేటల దిగండి. మళ్ల తీస్తం."

డాక్టరు వంగి పలక సందులోకి చూశారు. "పక్కానా?" అని అడిగారు.

"పక్కా సార్. నేర్సుకొచ్చింది గిందుకే."

పలకను సందులతో సహా శుభ్రం చేసి, దిమ్మెతో సరిచూసి, కాటమ్మకు మళ్లీ తీశాం. డాక్టరు తెర మీద చాలాసేపు వెతికారు.

"ఏం లేదమ్మా. నీకు ఏ రోగం లేదు," అన్నారు. బొట్టు సంగతి కూడా దాచకుండా చెప్పారు.

కాటమ్మ హైదరాబాద్‌కు రాసిచ్చిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

"పొద్దున నా బిడ్డను మా చెల్లెలి చేతిలో పెట్టి, ఇక నీ కూతురేనని చెప్పి వచ్చాను సారూ," అంది.