లిఫ్టులో బావ

మా బావ లిఫ్టులో ఉంటాడు. మనిషి కాదు, గొంతు. మా ఆఫీసు ఏడో అంతస్తులో. ఎక్కగానే "తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి దూరంగా నిలబడండి" అంటాడు. పక్కనున్న అమ్మాయిలు ఆ గొంతు విని జుట్టు సర్దుకుంటారు. ఏడాదిగా నేను గుడ్ మార్నింగ్ చెప్తున్నా తలెత్తని అమ్మాయిలు.

అందుకని మెట్లెక్కడం మొదలెట్టాను. అక్కడికీ వినపడేవాడు. రెండు నెలల్లో పిక్కలు గుమ్మడికాయలయ్యాయి గానీ అసూయ మాత్రం చిక్కిపోలేదు.

బావంటే మా మేనత్త కొడుకు. డబ్బింగ్ చెబుదామని ఇద్దరం ఒకే బస్సులో ఈ ఊరొచ్చాం, ఒకే గదిలో ఉంటున్నాం. ఆ గదిలో ఒకడు ఆవులిస్తే రెండోవాడు కిటికీ తియ్యాలి. వాడికి లిఫ్టు దొరికింది. నాకు ఒక సినిమాలో గుంపుతో కలిసి "పట్టుకోండి" అనే అరుపు దొరికింది, దాన్నీ కోసేశారు. ఇప్పుడు ఫోన్లో కస్టమర్ల చేత తిట్లు తినే ఉద్యోగం చేస్తున్నాను.

"మీ బావ లిఫ్టులో మాట్లాడుతున్నాడటగా, మరి నువ్వో?" అంది అమ్మ ఓసారి.

"నేను ఎక్కుతున్నానమ్మా."

ఇంతలో సిటీ బస్సులన్నిటికీ స్టాపుల పేర్లు చెప్పే గొంతు కావాలన్నారు. ఒక్కటే గొంతు. శనివారం నాలుగు నుంచి ఆరు దాకా టెస్ట్, ఇద్దర్నీ రమ్మన్నారు.

టెస్ట్ రోజు బావ మైకు ముందు తప్ప నోరు విప్పడు. ఫోన్ కట్టేసి, మెడకి మఫ్లర్ చుట్టి, గోరువెచ్చటి నీళ్లు తాగుతూ పొదుగుతున్న కోడిలా కూర్చుంటాడు. ఏం కావాలన్నా నోట్‌బుక్‌లో రాసి చూపిస్తాడు.

మధ్యాహ్నం నేను మామూలుగా అన్నాను. "బావా, స్టూడియో వాళ్లు ఫోన్ చేశారు. నీది రేపటికి మార్చారట. నాది ఇవాళే."

వాడు రాశాడు: "సరే. బాగా చెప్పు. నీళ్లు తాగి వెళ్లు."

మంచివాడిగా ఉండడం వాడికి చిన్నప్పట్నుంచీ ఉన్న దురలవాటు.

స్టూడియోలో మైకు ముందు నిలబడి చదివాను. "తర్వాతి స్టాపు, పెద్దాసుపత్రి."

రికార్డింగ్ చేసే అన్న హెడ్‌ఫోన్స్ తీశాడు. "నీ గొంతుతో చెప్పు తమ్ముడూ."

మళ్లీ చెప్పాను. మూడోసారీ చెప్పాను.

"ఇది మా బిల్డింగు లిఫ్టులో కూడా వచ్చే గొంతు," అన్నాడాయన. "అదే సాగదీయడం, అదే ఆపడం. నువ్వు దాన్ని దించుతున్నావు."

నా గొంతు కోసం లోపల వెతికాను. రోజూ కుళ్లుకుంటూ విన్నానేమో, వాడి గొంతు నాలో అద్దెకి దిగి నన్నే ఖాళీ చేయించింది.

"ఆ అసలువాణ్ణి ఎరిగుంటే ఆరులోపు పంపు. నకలు మాకెందుకు?"

రోడ్డు మీదికొచ్చాను. స్టూడియో నుంచి అసలు ఏ ఫోనూ రాలేదని నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఒక అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కప్పడం నాకు పళ్లు తోముకున్నంత అలవాటు. కానీ ఇన్ని లక్షల మంది ఉన్న ఊళ్లో నీళ్లు తాగి వెళ్లమన్నవాడు ఒక్కడే. పరిగెత్తాను.

గదికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడి మొహం కందగడ్డయింది. తిట్టడానికి నోరు తెరిచి, గొంతు పాడవుతుందని గుర్తొచ్చి మూసేశాడు. నోట్‌బుక్ తీసుకుని లేచాడు.

బస్సులో దారి పొడుగునా తిట్లు రాస్తూనే ఉన్నాడు. పేజీ నిండగానే చింపి నా చేతిలో పెట్టేవాడు. మొత్తం నాలుగు పేజీలు. రెండో పేజీలో, సొంత మేనమామ అని కూడా చూడకుండా మా నాన్నని కలిపాడు. కుదుపుల్లో కూడా ఒక్క కొట్టివేత లేదు. దానికీ కుళ్లుకున్నాను.

ఆరుకి పది నిమిషాలుందనగా అద్దం అవతల మైకు ముందు నిలబడ్డాడు. పొద్దున్నుంచీ దాచుకున్న మొదటి మాట దానికిచ్చాడు.

"తర్వాతి స్టాపు, పెద్దాసుపత్రి."

రికార్డింగ్ అన్న కళ్లు మూసుకుని విని, చాలన్నాడు. రెండోసారి అడగలేదు. సోమవారం వచ్చి మొత్తం రికార్డు చెయ్యమన్నాడు.

మైకుకి గొంతు, నాకు కాగితాలు. ఆ మైకు మీద వచ్చినంత ఈర్ష్య నాకు లిఫ్టు మీద కూడా రాలేదు.

బావ బయటికొచ్చాడు. టెస్ట్ అయిపోయింది కదా, ఇక నోటితోనే తిడతాడని ఆశగా నిలబడ్డాను. వాడు నోట్‌బుక్ తీసి ఐదో పేజీ రాశాడు: "నీతో ఇంకా మాట్లాడను. ఇంటికి పద."

బస్సుల్లో వాడి గొంతు వచ్చే నెల నుంచి వస్తుందట. మా ఆఫీసు ఎనిమిది కిలోమీటర్లు. పిక్కలు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి.