బాగైన చెయ్యి

కాలవ రేవులో జనం అప్పటికే మూగిపోయారు. పదో రోజు కార్యానికి వచ్చిన చుట్టాలు కొందరైతే, ఏ చుట్టరికమూ లేకుండా చోద్యం చూడటానికి వచ్చినవాళ్ళు అంతకు రెట్టింపు. ముందు వరసలో చోటు కోసం మోచేతులతో పొడుచుకుంటున్నారు. ఒకావిడ కొంగులో వేయించిన శనగలు పోసుకుని తీరిగ్గా నములుతోంది. రామతులసి ఆ నమిలే నోటి మీంచి చూపు తిప్పుకుంది.

కింది మెట్టు మీద బేబిని కూర్చోబెట్టారు. బేబి ఆమెకు తోటికోడలు, పాతికేళ్ళు నిండని పిల్ల. మొగుడు యానాం వెళ్ళి చవక మందు సీసాలు కొనుక్కుని, దారిలోనే తాగి, మోటారు సైకిలుతో సహా కాలవలో పడి చచ్చిపోయాడు. తాగింది వాడు, శిక్ష ఈ పిల్లకి. పొద్దున్నే తలంటి, పుట్టింటివాళ్ళు తెచ్చిన కొత్త చీర కట్టి, తలనిండా కనకాంబరాలు తురిమి, మోచేతుల దాకా ఎర్ర గాజులు తొడిగారు. బలిచ్చే మేకకి దండ వేసినట్టు, పగలగొట్టడానికే తొడిగారు.

ఆ పగలగొట్టే పని ముత్తైదువలు చెయ్యకూడదట. మొగుడు పోయినవాళ్ళే చెయ్యాలట. ఎంత తెలివైన ఏర్పాటు! దెబ్బ తిన్నదాని చేతే ఇంకోదాన్ని కొట్టిస్తే, కొట్టించినవాళ్ళ చేతికి మట్టి అంటదు.

"ఏంటే తులసీ, అలా నిలబడిపోయావు? పెద్ద కోడలివి, నీ చెయ్యే పడాలి," అంది పెద్దత్త రత్నమాణిక్యం. ఆవిడ అత్తగారి అక్క, చిన్నతనంలోనే మొగుడు పోయిన మనిషి. ఊళ్ళో ఏ ఇంట్లో ఈ కార్యం జరిగినా పెత్తనం ఆవిడదే. "ఇన్నాళ్ళూ చెయ్యి వంకరని ఊరుకున్నాం. ఇప్పుడు బాగైపోయిందిగా!"

అదీ సంగతి. బాగైన చేతికి ఆ ఇల్లు అప్పజెప్పిన మొదటి పని ఇది. కాదంటే ఏమవుతుందో అత్తగారు నిన్ననే చెప్పింది. "పేచీ పెట్టావంటే గుడ్డలు మూట కట్టుకో." రామతులసికి తల దాచుకోను ఉన్నది ఆ ఇంటి వసారా ఒక్కటే.

ఆ చెయ్యి వంకరపోయిందీ ఈ రేవులోనే. పుష్కరాలకు కొన్నేళ్ళ ముందు తన మొగుడు పోతే, ఇదే మెట్టు మీద ఇద్దరు భుజాలు పట్టుకున్నారు, రత్నమాణిక్యం మణికట్టు నొక్కిపట్టి రాయి ఎత్తింది. గాజు పెంకు దిగిన గాయం తొందరగానే మానింది. వేళ్ళు మాత్రం పూర్తిగా తెరుచుకోలేదు. నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టడం ఆమె పని, రోజుకి నలభై రూపాయలు. ఎక్కడైనా గాజులు గలగలమంటే చాలు, పిడికిలి బిగిసి, భుజం చెవి దాకా లేచి, ఊపిరి ఆగిపోయేది. చేతిలో కుండీ కిందపడేది. మేస్త్రీ గంగరాజు ఆమెను సగం కూలికి కలుపు పీకే పనిలో పెట్టాడు. చచ్చిన మొగుడు చెయ్యి పట్టుకుని వదలడం లేదన్నారు ఇంట్లోవాళ్ళు. భూతవైద్యుడు నాటుకోడిని పుచ్చుకుని, ఆ మణికట్టు మీదే వేపమండతో బాదాడు. చచ్చినవాడి మీదకి నెట్టారు గానీ, బతికున్నవాళ్ళెవరు పట్టుకున్నారో ఒక్కరూ అడగలేదు.

అడిగింది రాజమండ్రి ధర్మాసుపత్రిలో వ్యాయామాలు చేయించే హరిచందన. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందని డాక్టర్లు ఫిజియోథెరపీ గదికి పంపితే, జరిగిందంతా ఓపిగ్గా విని,

"ఆ రోజు మీ చెయ్యి ఏం చెయ్యాలనుకుందండి?" అంది.

చెయ్యేమనుకుంటుంది? రామతులసికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"లాక్కుందామనుకుందండి. లాక్కోనివ్వలేదు."

"మీరు మర్చిపోయినా మీ ఒళ్ళు మర్చిపోలేదండి. ఇంకా లాక్కోవాలనే అలా బిగుసుకుని ఉంది. ఇప్పుడు లాక్కోండి, తొందరేం లేదు. నేను చెయ్యి పట్టుకోనా, వద్దా?"

ఆమె చేతిని ముట్టుకోవడానికి ఆమెను అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. మొదటిసారి వద్దనే అంది. పాదాలు నేలకి ఆనించి ఆ చల్లదనం తెలిసేదాకా కూర్చోవడం, బయటికి దారి ఎటుందో కళ్ళతో చూసుకోవడం, ఊపిరి దానంతటది దిగేదాకా ఆగడం, కొన్నాళ్ళు ఇవే. తర్వాతొక రోజు పట్టుకోమంది. హరిచందన మణికట్టు చుట్టూ తేలిగ్గా వేళ్ళు వేస్తే, రామతులసి చేతిని కొద్దికొద్దిగా లాక్కుంది. చెయ్యి ఒళ్ళో పడి వణికింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఒళ్ళంతా చెమట.

"ఆపుకోకండి, వణకనివ్వండి. నేనిక్కడే ఉన్నాను."

ఆ సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ కడ్డీ మీద చెయ్యి వేస్తే పట్టు దొరికింది. ఊరొచ్చేదాకా ఆమె ఆ కడ్డీని వదల్లేదు.

"కానియ్యవే, ఎండెక్కుతోంది!" అని రేవులో వెనక నుంచి కేకేశారు.

ఎవరో రాయి తెచ్చి కుడిచేతిలో పెట్టారు. రామతులసి ఎడమచేత్తో బేబి మణికట్టు పట్టుకుంది. గాజులు కదిలాయి. కుడిచేతి వేళ్ళు రాయి చుట్టూ బిగుసుకున్నాయి, ఊపిరి ఆగింది. కాళ్ళ కింద బురద ఉంది. పాదాలు అందులో గట్టిగా ఆనించింది. కొబ్బరిచెట్ల పక్క నుంచి గట్టెక్కే బాటను చూసింది. ఊపిరి మెల్లగా దిగింది.

అప్పుడు తెలిసింది. బేబి చెయ్యి లాక్కుంటోంది. చూసేవాళ్ళకు కనబడనంత కొద్దిగా, పట్టుకున్నవాళ్ళకు మాత్రమే తెలిసేటట్టు. ఇలాంటి లాగుడు ఆనాడు రత్నమాణిక్యం వేళ్ళకూ తెలిసే ఉంటుంది. తెలిసీ రాయి వేసింది!

రామతులసి బేబి చెయ్యి వదిలేసింది. రాయి జారి నీళ్ళలో పడింది.

"మళ్ళీ వంకరపోయినట్టుందండీ, పాపం. ఆవిణ్ణి వదిలెయ్యండి," అంది శనగలావిడ.

మంచి సాకు. ఆ సాకు చాటున నిలబడితే వసారా మిగులుతుంది. రాయి ఇంకొకరి చేతికి పోతుంది.

రామతులసి కుడిచెయ్యి చాచి, వేళ్ళన్నీ విప్పి అందరికీ చూపించింది.

"చేతికేం కాలేదండి. శుభ్రంగా ఉంది. నేనే పగలగొట్టను."

రేవంతా గగ్గోలెత్తింది. "ఇంటికి రా, నీ సంగతి చెప్తాను!" అని అత్తగారు అరిచింది. రత్నమాణిక్యం ఇంకో రాయి ఎత్తి పట్టుకుని తనే మెట్లు దిగింది.

"తప్పుకోవే!"

రామతులసి తప్పుకోలేదు. బేబికి అడ్డంగా నిలబడి ఆ రాయి వైపే చూసింది. దాన్ని పట్టుకున్న వేళ్ళలో చివరి రెండూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. వాతం అని ఆవిడ రోజూ తైలం రాసుకునే వేళ్ళు.

"పెద్దత్తయ్యా, మీ వేళ్ళు ఎప్పట్నుంచండి అలా ఉన్నాయి?"

రత్నమాణిక్యం తన వేళ్ళ వైపు చూసుకుంది. ఎత్తిన రాయి కిందికి దిగలేదు, చేతిలోంచి జారనూ లేదు.

వెనక బేబి రెండు చేతులూ ఒక్కసారిగా ఒళ్ళోకి లాక్కుంది. గాజులు గలగలమన్నాయి. రామతులసి వేళ్ళు ముడుచుకోలేదు.