నేటి నుంచే మారు

గుండిగ మూత తీయగానే ఆవిరి మొహాన కొట్టింది. గరిటత్త తల పక్కకి తిప్పి, ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, అన్నాన్ని అంచుల నుంచి మధ్యకి విరిచి చూసింది. అడుగంటలేదు. ఇవాళ్టికి గండం గడిచిందనుకుని మూత ఓరగా వేసి, బంగాళాదుంప కూర వైపు తిరిగింది.

ఆమె బడి క్యాంటీన్‌లో వడ్డించే మనిషి. పిల్లలకి గరిటత్త. అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంటుంది, పిలవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. ఏళ్ళ తరబడి గరిట ఎత్తడంతో కుడి భుజం ఎడమదానికంటే పైకి లేచింది. ముంజేతుల మీద నూనె చిందిన మచ్చలు, కొత్తవి ఎర్రగా, పాతవి తెల్లగా. మనిషి లావు, వంటిల్లు ఇరుకు. పొయ్యికీ గట్టుకీ మధ్య ఆమె పక్కవాటుగా నడుస్తుంది. తప్పు తనదా, వంటింటిదా అని మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

పిల్లలందరూ తిని వెళ్ళాక ఆమె తింటుంది. సింకు పక్కన నిలబడి, గోడకి మొహం పెట్టి, గబగబా తినేస్తుంది. ఆ అలవాటు పద్నాలుగో ఏట పట్టుకుంది. అప్పుడే అమ్మ పోయి, మేనత్త ఇంటికి చేరింది. ఆ ఇంట్లో ఏడవడానికి చోటు లేదు, తినడానికి వంటిల్లుంది. మేనత్త చెడ్డదేం కాదు. "ఇంత తింటే నిన్నెవరు చేసుకుంటారే" అని బెంగపడి వంటింటికి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. దాంతో తిండి తగ్గిందా అంటే తగ్గలేదు. పెరట్లోకి, పక్కింటి అరుగు మీదకి, దుప్పటి కిందకి మారింది. బుగ్గలో ముద్ద పెట్టుకుని నిద్రపోయిన రోజులున్నాయి. తర్వాత పెళ్ళయింది. మొగుడు సరదా మనిషి, తిన్నప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు. అందుకని ఆయన ముందు తినడం మానేసింది. అంత కాపురం చేసీ, పెళ్ళాం అన్నం నమలడం చూడకుండానే పోయాడు పాపం.

పదకొండు దాటాక క్యాంటీన్ మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా, చంకలో చుట్టిన కాగితం. బల్ల ఎక్కి ఆ కాగితాన్ని వడ్డించే గట్టుకి ఎదురుగా గోడకి అంటించాడు. పరుగెత్తుతున్న సన్నటి అమ్మాయి బొమ్మ, కింద జానెడేసి అక్షరాలు. గరిటత్త కూడబలుక్కుని చదివింది. "నేటి... నుంచే... మారు."

ఆమెకి నిజంగా సంతోషం వేసింది. ఇన్నాళ్ళూ పిల్లలు మారు వడ్డించమంటే, ఉందో లేదో అని గుండిగలోకి తొంగి చూడాల్సి వచ్చేది.

"మంచి పని చేశారు సార్. అయితే ఇంకో గిన్నెడు బియ్యం పొయ్యనా?"

"బియ్యం ఎందుకు?"

"మారుకి సార్."

మేనేజరు తల పట్టుకున్నాడు. "అదికాదమ్మా. మారు అంటే మారమని. పిల్లలు లావైపోతున్నారు, దిగులేసినా తిండే, విసుగొచ్చినా తిండే. పొద్దున మైకులో కూడా చెప్పాం. ఇవాళ్టి నుంచి లావు పిల్లలకి రెండోసారి వెయ్యకు. అడిగితే మాటలొద్దు, గోడ చూపించు."

"లావు పిల్లలకేనా సార్, అందరికీనా?"

"లావు పిల్లలకే. చూస్తే తెలియదా?" అంటూ ఆమె వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

"తెలుస్తుంది సార్."

"ఒక్కళ్ళకి వేశావని తెలిసినా రేపటి నుంచి రానక్కర్లేదు. పైనుంచి గట్టిగా చెప్పారు."

ఈ పని పోతే ఇంకొకటి వెతుక్కునే వయసు కాదు. కూర కలుపుతూ ఎవరెవరికి లేదనాలో తలుచుకుంటే, ముందు గుర్తొచ్చింది తొమ్మిదో తరగతి పిల్ల. తోటివాళ్ళు ఆ పిల్లని బస్తా అంటారు.

పోయిన వారం గ్యాసు సిలిండర్ల గదిలో ఏదో అలికిడయితే పిల్లి అనుకుని వెళ్ళింది. సిలిండర్ల వెనక ఆ పిల్ల కూర్చుని నిన్నటి బన్నులు తింటోంది. నమలడం లేదు, కుక్కుకుంటోంది. కళ్ళ నీళ్ళు బన్ను మీదే పడుతున్నాయి. గరిటత్త తిట్టలేదు, బతిమాలలేదు. తనూ ఆ నేల మీదే చతికిలబడింది.

"ఏమైంది తల్లీ?"

పిల్ల చేతిలో బన్ను ఒళ్ళో పెట్టుకుంది. "నా ఫ్రెండు వేరే బెంచీకి మారింది అత్తా. చిన్నప్పట్నుంచీ నా పక్కనే కూర్చునేది. నేనేం చేశానో కూడా చెప్పలేదు."

ఇంతేనా అని ఎవరైనా అనొచ్చు. గరిటత్త అనలేదు. పద్నాలుగేళ్ళ పిల్లకి పక్కనున్న మనిషి లేచి వెళ్ళిపోతే ఇల్లు కూలినట్టే. ఇంకెప్పుడైనా ఇలా అనిపిస్తే చీకట్లోకి రావద్దు, నా దగ్గరికొచ్చి అడుగు, నేను పెడతాను అని మాటిచ్చింది. ఆ మాట ఇవాళ ఎలా నిలబెట్టుకోవాలి? అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే లేదనే చోట పిల్లలు అడగడం మానేస్తారు, తినడం మానరు. ఆ పిల్ల మళ్ళీ సిలిండర్ల వెనక్కే పోతుంది. కొన్నాళ్ళకి గోడకి మొహం పెట్టుకుని తింటుంది, అలాగే ముసలిదవుతుంది.

మధ్యాహ్నం గంట కొట్టారు. హాలు సంతలా అయింది. గరిటత్త చెయ్యి ఆడుతూనే ఉంది, అన్నం, కూర, అన్నం, కూర. సన్నటి పిల్లలు మారుకి వచ్చారు, వేసింది. మేనేజరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చివరి బల్ల దగ్గర ఆ పిల్ల ఒక్కతే లేచింది. కంచాన్ని గుండెలకి ఆనించుకుని నడిచింది.

"ఒరేయ్, బస్తా లేచిందిరా," అన్నారెవరో. నవ్వులు బల్ల నుంచి బల్లకి పాకాయి. హాలు మధ్యకి వచ్చాక పిల్ల ఆగింది. గోడ మీద అక్షరాలు చూసింది, తలుపు దగ్గర మేనేజరుని చూసింది. పాదాలు మెల్లగా సిలిండర్ల గది వైపు తిరిగాయి.

గరిటత్తకి ఒళ్ళు మండింది. ఆ మంట ఈనాటిది కాదు.

"తల్లీ, ఇటు రా," అంది. హాలంతా వినపడింది.

పిల్ల వచ్చింది. గరిటత్త గట్టు మీదికి వంగి, ఆ పిల్లకొక్కదానికే వినపడేలా అడిగింది. "ఆకలా, ఏడుపా?"

"ఏడుపు," అంది పిల్ల, పెదవులు కదిలీ కదలకుండా.

"అయితే కొంచెమే వేస్తా. ఏడుపుకి ఎక్కువ పట్టదు. కానీ కూర్చుని తిను, నమిలి తిను." సగం గరిట అన్నం వేసి, కూర వేసి, గరిట ఎత్తి గోడ చూపించింది. "చూశావుగా, నేటి నుంచే మారు. ఇంకెవరికి కావాలో రండి. లావు, సన్నం లేదు, సార్ రాయించారు."

ముందు ఒకడు పకపకా నవ్వాడు. తర్వాత బెంచీలు జరిగిన చప్పుడు. బొద్దు పిల్లలు, బక్క పిల్లలు, ఆకలున్నవాళ్ళు, ఊరికే సరదాకి వచ్చినవాళ్ళు, అందరూ కంచాలు పట్టుకుని "మారు, మారు" అంటూ వరసకట్టారు. మేనేజరు వాళ్ళని తోసుకుంటూ గట్టు దగ్గరికి వచ్చాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మీరు చెప్పిందే సార్. అడిగారు, గోడ చూపించాను."

"మారు అంటే ఏంటో పొద్దున చెప్పానా లేదా?"

"చెప్పారు. నేను వడ్డించే మనిషిని సార్. ఈ గట్టు దగ్గర మారంటే మారే. ఆ పిల్లలు మారాలంటే ముందు నలుగురిలో కూర్చుని తిననివ్వండి."

ఆయన మొహం ఎర్రబడింది. "రేపటి నుంచి రావద్దు."

"రాను సార్. ఇవాళ్టి అన్నం తినేసి పోతాను."

గరిట ఆయన చేతిలో పెట్టింది. ఒక కంచం తీసుకుని అన్నం, కూర వడ్డించుకుంది. సింకు వైపు వెళ్ళలేదు. గట్టు చుట్టూ తిరిగి హాల్లోకి వచ్చి, చివరి బల్ల దగ్గర ఆ పిల్లకి ఎదురుగా కూర్చుంది. బెంచీ కిర్రుమంది. ముద్ద కలిపింది. ఇంతమంది ముందు తినడానికి నోరు తెరవడం ఆమెకి ఇదే మొదలు.

"అందరూ చూస్తున్నారు అత్తా."

"చూడనీ. ముద్ద నమలడం మనం కనిపెట్టిందేం కాదుగా."

పిల్లకి నవ్వొచ్చింది, ముక్కు కారింది, రెండూ ఒకేసారి. ఇద్దరూ తిన్నారు. తొందరపడకుండా తిన్నారు. కంచం ఖాళీ అయ్యాక గరిటత్త అంది. "నాకింకా ఆకలిగా ఉంది తల్లీ. వెళ్ళి మారు పట్టుకురా. గట్టిగా అడుగు, సార్‌కి చెముడేమో."

పిల్ల లేచి కంచం తీసుకుంది. ఈసారి గుండెలకి ఆనించుకోలేదు, చెయ్యి చాపి పట్టుకుంది. గట్టు దగ్గర నిలబడి "మారు," అంది. గొంతు చివర్లో జీరపోయింది గానీ, మాట మాత్రం వెనక గోడ దాకా వెళ్ళింది. గరిట తలకిందులుగా పట్టుకుని నిలబడ్డ మేనేజరు ఆ పిల్లనీ, వెనక వరసనీ, తను అంటించిన కాగితాన్నీ చూసి, వడ్డించాడు.

గరిటత్త అదీ తింది. పిల్ల తల మీద చెయ్యి వేసి, వచ్చిన దారిన వంటింట్లోంచి కాకుండా, హాలు మధ్యలోంచి నడిచి ముందు తలుపు గుండా బయటికి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ గట్టు దగ్గర వేరే ఆమె నిలబడింది.

ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరి కంచం వాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయాక, చివరి బల్ల మీద గరిటత్త ఎంగిలి కంచం, అంచున మెతుకులు ఎండిపోతూ, హాలు వైపుకి చూస్తున్నట్టు అలాగే ఉండిపోయింది.