తడిసిన పక్క

మా ఇంట్లో ఒకరి మీద ఒకరికి దయ మరీ ఎక్కువ. ఆ దయే మా నాయినను తీసుకుపోయింది. ఈ మాట బయట అంటే నన్నే తిడతారు, తిట్టనీ.

నాయిన పేరు భద్రయ్య. రైలింజన్ నడిపి రిటైరై, మౌలాలిలో ఇల్లు కట్టుకున్నాడు. నడుంనొప్పి కాలిలోకి దిగి, వీధి చివర కిరాణా దుకాణం దాకా కూడా నడవలేకపోతే సికింద్రాబాద్‌లో ఆపరేషన్ చేయించాం. డాక్టర్ సదాశివ బయటికొచ్చి నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"వెన్నులో నరాల చుట్టూ పల్చటి పొర ఉంటదమ్మా, దాని లోపల నీళ్లుంటయి. ఎముక ఏళ్లకొద్దీ నొక్కి ఆ పొర అతుక్కుపోయింది. ఎంత మెల్లగా విడదీసినా కొంచెం చిరిగింది. కుట్టేసినం, పైన జిగురు పెట్టినం. మానుతది. కానీ ఇంటికి పోయినంక ఆ నీళ్లు కారి కట్టు తడిసినా, లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చినా వెంటనే తీస్కరండి. మళ్లీ కుడతం."

నాయినకు మత్తు దిగాక ఇదంతా చెప్పాను. ఆయన మొదటి మాట, "మీ అమ్మకు చెప్పకు. పరేషాన్ అయితది." మా ఇంటి పద్ధతే అది, చెడు కబురు అమ్మ దాకా పోకూడదు. చూసుకునేది ఆమే కదా అని గొడవపడ్డాను. "తడిస్తే నాకు తెల్వదా ఏందీ?" అన్నాడు.

ఇంటికెళ్లాక పక్క తడిసింది. అమ్మకు తట్టింది ఒక్కటే. ఆస్పత్రిలో ఉచ్చగొట్టం తీసేశారు, ఈయనకు ఆగలేదు. దర్జాగా బతికిన మనిషి, తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతాడని గబగబా దుప్పటి మార్చింది. "వీపు తడిగున్నదేందీ?" అని నాయిన అడిగితే, "చెమట. కూలర్ ఆగిపోయింది గదా" అంది. ఆయన నమ్మాడు. అమ్మ మాట నమ్మకపోవడం ఆయనకు చేతకాదు. తడిసినప్పుడల్లా అదే మాట. తలనొప్పిని ఆయన ఎండ మీదికి నెట్టాడు. నేను రాంగోపాల్‌పేట్‌లో మా ఇంటి నుంచి ఫోన్ చేస్తే ఇద్దరూ "మంచిగున్నం" అనేవాళ్లు.

జ్వరం వచ్చి మెడ బిగుసుకుపోయాక నన్ను పిలిచారు. ఆస్పత్రిలో డాక్టర్ కట్టు విప్పి, "ఎప్పట్నుంచి కారుతుంది?" అన్నాడు.

"ఏం కారలే సారూ. మా ఆయన పక్క తడిపే మనిషి కాదు" అంది అమ్మ రోషంగా.

డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. కుట్టు వదిలింది, నీళ్లు కారిన దారినే ఇన్ఫెక్షన్ మెదడు దాకా పోయింది. తడిసిన తొలిరోజే వచ్చి ఉంటే కుట్టి పంపేవాణ్ణన్నాడు. మళ్లీ ఆపరేషన్ చేశారు, మందులు ఎక్కించారు. నాయిన కళ్లు తెరవలేదు.

దినాలు అయిపోయాక అమ్మ దండెం మీది దుప్పట్లు మడతపెడుతూ నా చెయ్యి పట్టుకుంది.

"ఊర్మిళా, ఒక మాట చెప్తా, ఎవ్వలకు అనకు. మీ నాయిన పక్క తడిపిండు. చెమట అని చెప్పి నేనే దాచిన. కానీ బిడ్డా, జెర వాసన సుత రాలే. ఒట్టి నీళ్ల లెక్కనే ఉండె. అవి ఏం నీళ్లే?"

కోపమొచ్చింది. ఆయన మీద, ఈమె మీద, ఈ ఇంటి మీద. అరిచి చెప్పేద్దామనే నోరు తెరిచాను. అమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"చెమటనే అమ్మా," అన్నాను. "కూలర్ ఆగిపోయింది గదా."