చీరంచు ఉత్తరేణి

ఔట్‌డోర్ షూటింగు ముగిసిన మర్నాడు మంజులతకు చేతినిండా పని. రహమత్ నగర్ నుంచి పొద్దున్నే నడుచుకుంటూ ఫిల్మ్ నగర్‌లోని కాస్ట్యూమ్స్ గోదాముకు వచ్చేసరికి బట్టల మూటలు వరండాలో దిగి ఉండేవి. ఉతికేవాళ్ళు వేరు, ఇస్త్రీ చేసేవాళ్ళు వేరు. మంజులత పని బట్టలకు అంటుకొచ్చిన గింజలు ఏరడం. హీరోయిన్ పొలంగట్టు మీద పరుగెత్తితే లంగా అంచుకు ఉత్తరేణి. ఫైటర్లు బీడులో దొర్లితే ప్యాంట్లకు పల్లేరుకాయలు. ఏరకుండా మిషన్లో వేస్తే గుడ్డ చిరుగుతుంది, చేత్తో ఉతికితే ఉతికేవాళ్ళ వేళ్ళు చిరుగుతాయి.

ఇరవై ఏళ్ళుగా ఏరీ ఏరీ ఆమెకు గింజల గుణాలు తెలిసిపోయాయి. జిల్లేడు గింజకు దూది ఉంటుంది, గాలి వస్తే లేచిపోతుంది. వేపగింజను కాకి మోస్తుంది. ఆముదం కాయ ఎండకు తనే చిట్లి గింజను అవతలికి విసిరేస్తుంది. ఉత్తరేణికి దూదీ లేదు, తీపీ లేదు. ఉన్నదల్లా చిన్న ముల్లు. దారిన పోయేవాళ్ళ బట్ట పట్టుకుని వెళ్ళిపోతుంది. ఏది ఎలా పోయినా తల్లి నీడ దాటాలన్నదే వాటి ఆరాటం. అది మంజులతకు తెలుసు. తెలిసీ చేసింది, అదే బాధ.

వాళ్ళ గల్లీలో ఎవరికైనా ఊరు విడిచి వెళ్ళే కాలం వస్తే, గడ్డిలో అడుగు పెట్టకపోయినా బట్టల అంచుకు ఉత్తరేణి గింజలు అంటుకుని ఉండేవి. ఆటో నడిపే నర్సింహకు లుంగీ నిండా వచ్చాయి, నెల తిరక్కుండా సిద్దిపేటలో టిఫిన్ సెంటర్ పెట్టాడు. గింజలు ఎక్కడ రాలితే మనిషి అక్కడ నిలదొక్కుకుంటాడు. వాటంతట అవి రాలకముందే ఎవరైనా ఏరేస్తే ఆ ప్రయాణం అంతటితో సరి. అందుకని ఎవరూ ముట్టరు. "నీకు గింజలొచ్చినయంట గద, గది ఖాళీ అయితే మా మరిదికి చెప్పు" అని కిరాయి మాట మాత్రం ముందే అడిగిపెట్టుకునేవారు.

మంజులత కూతురు మనోజ్ఞది కూడా ఆ గోదాములోనే పని. కొత్త బట్టను పాత బట్ట చెయ్యడం ఆమె విద్య. కొత్త పంచెను టీ నీళ్ళలో నానబెట్టి, ఇటుకముక్కతో రుద్ది, ఒక్క పూటలో పదేళ్ళు కట్టిన పంచెలా చేసి ఇచ్చేది. తండ్రి పోయాక తల్లీ కూతుళ్ళిద్దరే. గోదాము నడిపే కాశీవిశ్వనాథంగారిది భీమవరం. "మీ అమ్మాయి చేతిలో ఏదో ఉందండీ. ఇక్కడే ఉంటే నా దగ్గర మూలన పడి ఉంటుంది" అనేవాడు.

మనోజ్ఞకు ఇరవై రెండో ఏట గీతిక అనే డిజైనర్ సహాయకురాలిగా ముంబై రమ్మంది. ఆ వారమే మేడమీద ఆరేసిన మనోజ్ఞ చున్నీకి పదకొండు గింజలు వచ్చాయి. ఎండిన బట్టలు తేవడానికి మంజులత మేడెక్కింది. చున్నీ చేతిలోకి తీసుకుంది. చెయ్యి అలవాటుగా ఏరేసిందని తర్వాత తనకు తాను చెప్పుకునేది. అలవాటైతే గోదాములో వేసినట్టు డబ్బాలో వేసేది. ఆమె వాటిని మోరీలో వేసి బకెట్టు నీళ్ళు కొట్టింది.

గీతిక మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. మరుసటేడు చెన్నై నుంచి పిలుపు, కుర్తా అంచుకు గింజలు. ఆపై ఏడు బెంగళూరు. మూడుసార్లూ మంజులతే మేడెక్కింది. "నాకు రాసి లేదేమో అమ్మా" అంది మనోజ్ఞ ఒకసారి, అన్నం కలుపుకుంటూ. మంజులత ఇంకో గరిటె పప్పు వేసింది.

తర్వాత ఐదేళ్ళు గింజలు రాలేదు. పెద్దచెట్టు మొదట్లో మొలిచిన మొక్కలా పిల్ల పాలిపోయింది. మాట తగ్గింది. పని మానలేదు. కానీ ఇదివరకు ఆమె పాతబరిచిన చొక్కా చూస్తే దాన్ని తొడుక్కున్న మనిషి కనిపించేవాడు. ఇప్పుడు మాసిన చొక్కా కనిపిస్తోంది, అంతే.

ఈ ఏడు వానలప్పుడు మంజులత వల్ల ఒక పొరపాటు జరిగింది. సీను సగంలో ఆగితే ఆ బట్టను మట్టితో, గింజలతో ఉన్నదున్నట్టు సంచిలో కట్టి 'కంటిన్యుటీ' అని చీటీ పెడతారు. మళ్ళీ షూటింగు నాటికి అది అలాగే ఉండాలి. హీరోయిన్ లంగాకు ఉన్న ఆ చీటీని మంజులత చూసుకోలేదు. అంచు చుట్టూ ఉన్న గింజలన్నీ ఏరేసింది.

కాశీవిశ్వనాథంగారు అరవలేదు. తలపట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? కొత్తవాళ్ళు చేశారంటే సరే, మీరు కూడానా?"

"గీడనే ఉన్నయి సార్, మళ్ళ పెడ్త" అని ఆమె ఒక్కొక్క గింజా లంగాకు అదిమింది. ముళ్ళు విరిగిపోయాయి. అదిమినవి అదిమినట్టే రాలిపోయాయి.

"వదిలెయ్యండి. అవి ఒక్కసారే పట్టుకుంటాయి. వేరేవి తెచ్చి జిగురు పెడదాం."

మంజులత లంగా ఒళ్ళో పెట్టుకుని ఏడుపు అందుకుంది. ఆయన కంగారుపడి "అయ్యో, లంగాకి ఎవరైనా ఇంత ఏడుస్తారా అండీ" అని టీ తెప్పించాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మనోజ్ఞ బీరకాయ చెక్కు తీస్తోంది.

"బిడ్డా, నీ గింజలు నేనే ఏరేసిన" అంది మంజులత.

పిల్ల చెయ్యి ఆగలేదు. "ఎరుకే."

"ఏం ఎరుక?"

"మొదటిసారే మోరీ జాలికి రెండు తట్టుకున్నయి. ఎవలు వేస్తరు, పక్కింటోళ్ళా?"

"మరి అడగకపోతివి?"

"అడుగుదామనుకున్న. మళ్ళ నువ్వొక్కదానివి ఎట్లుంటవో అనిపించింది." మనోజ్ఞ కాయను తిప్పి రెండోవైపు గీకింది. "ఆ తర్వాత, నువ్వు ఏరుతవని ఎరికుండి గూడ మేడమీదనే ఆరేసిన. ఇంట్ల దండెం లేదా? నాకు గూడ భయమే ఉండె అమ్మా. నెపం నీ మీద పెట్టి ఊకున్న."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది మంజులతకు. తిడితే సగం బరువు దిగేది.

వారం తిరిగేసరికి మంజులత చీరంచుకు గింజలు వచ్చాయి. పాలప్యాకెట్టు ఇస్తూ గల్లీలో కొట్టు నడిపే ఓదెలు అందరికన్నా ముందు చూశాడు.

"అక్కా, నీకొచ్చినయి! ఏడికి సవారీ?"

"నాకేడికిరా, గీ వయసుల?"

"గింజకేం ఎరుక అక్కా నీ వయసు?"

వైజాగ్‌లో కాశీవిశ్వనాథంగారి తమ్ముడు కొత్త గోదాము తెరిచాడు. గింజలు ఏరే మనిషి కావాలి, ఉండడానికి గది ఇస్తారు. "మీరు వెళ్తానంటే చెబుతాను" అన్నాడాయన, ఆమె చీరంచు వైపు చూడకుండా.

ఆ చీరను మంజులత అంచు ముట్టకుండా ఉతికి మేడమీద ఆరేసింది. ఇంట్లో దండెం ఉన్నా మేడమీదే ఆరేసింది. పొద్దంతా కింద కూర్చుంది. మనోజ్ఞ మెట్లవైపు పోతుందేమోనని చెవులు రిక్కించింది. పోయి ఏరేస్తే బాగుండునని ఎంత ఆశపడిందో ఎవరికీ చెప్పుకోలేదు. ఎండ దిగాక తనే వెళ్ళి తెచ్చుకుంది. ఒక్క గింజా తగ్గలేదు.

ఆదివారం పొద్దున వైజాగ్ వెళ్ళే యూనిట్ వ్యాన్ గోదాము ముందు ఆగింది. బట్టల పెట్టెలు ఎక్కించాక మంజులత ఆ చీరతోనే డ్రైవరు పక్కన కూర్చుంది. మనోజ్ఞ తలుపు దగ్గరికి వచ్చి వంగింది. తల్లి చీరంచు చేతిలోకి తీసుకుంది. ఏరేస్తుందనుకుంది మంజులత.

మనోజ్ఞ ఒక్కొక్క గింజనూ వేలితో బట్టలోకి అదిమింది. అన్నీ గట్టిగా పట్టుకున్నాయి.

"షేక్‌పేట ఫ్లైఓవర్ దాటేదాంక పైలం. గీడ రాల్తే మళ్ళ గీడనే ఉంటవ్."

"నువ్వెట్లుంటవే?"

"చూడాలె. నాకు గూడ ఎరుక లేదు."

కోపంతో అందో, ప్రేమతో అందో మంజులతకు తెలియలేదు. అడిగే హక్కు తనకుందో లేదో కూడా తెలియలేదు. వ్యాన్ కదిలింది. అద్దంలో పిల్ల వరండా దిగి, ఎండలో ఒంటరిగా నిలబడి కనిపించింది. మలుపు తిరిగాక అదీ లేదు.

మంజులత రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి తొడల కింద పెట్టుకుంది, అవి చీరంచు మీదికి పోకుండా.