వాకర్ పట్టేంత దారి

కటింగ్ మాస్టారి చేతిలో కత్తెర ఉంటే వెనకాడటమన్న మాటే ఉండేది కాదు. ఎంత ఖరీదైన బట్టయినా సరే, సుద్దగీత పడిందంటే సర్రున కోసేసేవారు. పక్కన నిలబడ్డ కొనుగోలుదారులకే గుండె జారేది తప్ప ఆయనకు రెప్ప కూడా ఆడేది కాదు. అంతటి మనిషి ఇంటికొస్తే మాత్రం ఊచ విరిగిన గొడుగు కూడా పారేయలేరు. కొట్టు పని మానేశాక ఇక అడ్డూ ఆపూ లేకపోయింది. మూతల్లేని ఫ్లాస్కులు, ఆగిపోయిన గడియారాలు, కట్టలు కట్టిన పాత పేపర్లు హాల్లోంచి పడగ్గది దాకా పేరుకుపోయాయి. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మిగిలింది. ఆ సందులోనే ఓ గుడ్డసంచీ కాలికి తగిలి ఆయన భార్య పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషనయ్యాక ఆవిడ్ని కూతురు తన ఇంటికి తీసుకెళ్లింది. తండ్రితో ఖరాఖండిగా చెప్పేసింది.

"ఆదివారం అమ్మని తీసుకొస్తా నాన్నా. వాకర్ పట్టేంత దారి ఉండాలి. లేదనుకో, గుమ్మంలోంచే వెనక్కి తీసుకెళ్లిపోతా. ఇంక అమ్మ నా దగ్గరే ఉంటుంది."

పక్కనే మంచం మీదున్న భార్య దుప్పటి అంచు సర్దుకుంది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే మాస్టారికి కాస్త తెరిపిగా ఉండేది.

"పోనీ నేనొచ్చి సర్దేదా?" అంది కూతురు.

"వద్దు. నేనే చేస్తా."

వద్దనడానికి కారణం ఉంది. ఓసారి తామిద్దరూ ఊళ్లో లేనప్పుడు, ఆ పిల్ల మంచి చేస్తున్నాననుకునే, లారీ పిలిపించి ఇల్లంతా ఖాళీ చేయించింది. తిరిగొచ్చి నున్నగా మెరుస్తున్న నేల చూడగానే మాస్టారికి ఊపిరాడలేదు. ఏడాది తిరక్కుండా అంతకు రెట్టింపు పోగేశారు. అలాంటి నేలను ఆయన అంతకుముందు ఒకసారి చూసి ఉన్నారు మరి. ఆయన్ని బళ్లో వేసిన కొత్తలో తల్లి పోయింది. పిల్లాడు చూస్తే బెంగ పెట్టుకుంటాడని పెద్దవాళ్లు వాణ్ని పిన్ని ఇంటికి పంపి, ఆవిడ వస్తువులన్నీ ఇంట్లోంచి తీసేశారు. వాడు తిరిగొచ్చి మంచాల కిందా, తలుపుల వెనకా వెతుక్కున్నాడు. అమ్మ దువ్వెన కూడా దొరకలేదు. తనకీ రోగం ఎక్కడ అంటుకుందో మాస్టారికి తెలియక కాదు. తెలిసినంత మాత్రాన చెయ్యి కదుల్తుందా?

ఈసారి కదలాల్సిందే అనుకున్నారు. టేపు జేబులోంచి తీసి, కూతురింట్లోనే వాకర్‌కి కొలతలు తీశారు.

"దానికేమైనా చొక్కా కుడతారా ఏంటి?" అంది భార్య. పడ్డాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

"దారి కుడతానే. నీ మోచేతులు ఆడేట్టు కాస్త వదులు కూడా కలిపా."

ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నేల మీద రెండు సుద్దగీతలు మొదలుపెట్టారు. అవి మంచం దాకా సాగాలి. గీతల మధ్య ఏది అడ్డొచ్చినా అది గేటు బయటికే పోవాలి, పక్క గుట్ట మీదికి ఎక్కకూడదు. ఇదీ ఆయన తనకు తాను పెట్టుకున్న షరతు.

మొట్టమొదట ఫ్లాస్కు అడ్డొచ్చింది. మూత దొరికితేనో? దొరికితే అయ్యో అనుకోనా? గుండె దడదడలాడింది. గేటు బయట పెట్టి వచ్చారు. పరుగున వెళ్లి మళ్లీ తెచ్చేసుకున్నారు. తెచ్చుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. సగం కోసి ఆపిన బట్ట ఎందుకూ పనికిరాదని కుర్రాళ్లకు నేర్పింది తనే కదా! మళ్లీ పెట్టొచ్చి, చేతులు ఒళ్లో బిగించి కూర్చున్నారు. చాలాసేపటికి దడ దానంతటదే తగ్గింది. రెండో వస్తువుకీ అంతే దడ పుట్టింది. కాకపోతే అది తగ్గుతుందని ఇప్పుడు తెలుసు.

అలా రోజుకింత గీత సాగింది. నిప్పుల మీద నడిచినట్టు సాగింది. కానీ సాగింది. ఆదివారం పొద్దుటికి మంచం రెండు బారల దూరంలో ఉంది. గీతల మధ్య ఒకే ఒక్కటి మిగిలింది, ఆ గుడ్డసంచీ. భార్య పడ్డప్పుడు పక్కకు దొర్లిన దాన్ని మళ్లీ అదే చోట పెట్టింది తనే.

గేటు దగ్గర పాత సామాన్ల బండివాడు కేకేస్తున్నాడు. మాస్టారు సంచీ మూతి విప్పారు. పట్టీ తెగిన ఆడవాళ్ల చెప్పులు. ఒంటి కాడ కళ్లజోడు. పళ్లు ఊడిన దువ్వెనలు, ఖాళీ పౌడరు డబ్బాలు. అన్నీ భార్యవే. ఆవిడ చెత్తబుట్టలో వేసినప్పుడల్లా, ఆవిడ కంటపడకుండా తను ఏరి దాచినవి. ఎందుకని ఆయన తనను తానెప్పుడూ ప్రశ్నించుకోలేదు. ఇప్పుడు తెలిసి, అక్కడే చతికిలబడ్డారు.

వాకర్ చప్పుడు గుమ్మం దాటింది. గీతల మధ్యనుంచి మెల్లగా టక్కు టక్కుమంటూ వచ్చి, సంచీ ముందు ఆగింది.

"నాన్నా!" అంది వెనకున్న కూతురు.

భార్య వాకర్ మీంచి తొంగి చూసింది. "ఇవన్నీ నావే కదండీ! ఇవెందుకు దాచారు?"

"నువ్వు కూడా పోతే..." మాస్టారు సంచీలోని దువ్వెన మీద చెయ్యి వేశారు. "మా అమ్మది ఒక్కటీ మిగల్చలేదే నాకు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

"భలేవారే! నేను పోతే చూసుకోడానికి దాచినవాటికి తగిలి నేను పడ్డానా? ఇంకాస్త గట్టిగా పడుంటే మీరు దాచినవి అక్కరకొచ్చేవి."

కూతురు సంచీ అందుకోబోయింది.

"నువ్వు ముట్టుకోకే," అంది తల్లి. "ఆయన్నే తియ్యనీ. నేను నిలబడగలను."

ఆవిడ వాకర్ మీద బరువు వేసి నిలబడింది. మాస్టారు లేచారు. సంచీ ఎత్తి గేటు దాకా నడిచారు. బండివాడు అందుకున్నా వేళ్లు వదల్లేదు. ఒక్కో వేలే విప్పాల్సి వచ్చింది. బండి మలుపు తిరిగేదాకా చూసి, వెంటపడకుండా లోపలికి వచ్చేశారు.

భార్య అప్పటికే మంచమెక్కి కూర్చుంది. వాకర్ రబ్బరు కాళ్లు తగిలి సుద్దగీతలు అక్కడక్కడా చెరిగాయి. మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీసి నేల మీద వంగారు.

"ఇంకా ఏం గీతలండీ? వచ్చేశాగా!"

"రేపూ నడవాలిగా," అన్నారు మాస్టారు, సుద్ద చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ.